మా ల్యాబ్‌లో లినక్స్ పెట్టిన ఏడాది

నర్సీపట్నంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ లెక్చరర్‌గా ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడు మా అమ్మ అడిగిన మొదటి మాట, "కూకోని సేసే పనేనా?" అని. అవునన్నాను. ఆ రోజంతా అమ్మ కనిపించిన వాళ్లందరికీ అదే చెప్పింది, మా పిల్లది కుర్చీలో కూకునే ఉద్యోగం అని. పాయకరావుపేట అవతల, సముద్రపొడ్డున ఉన్న మా ఊళ్లో కూర్చుని చేసే పని ఎవరికీ లేదు. నాన్న తెప్ప మీద వేటకెళ్లేవాడు. అమ్మ చేపల తట్టతో తునిలో బస్సు మారి నర్సీపట్నం మార్కెట్టుకు వచ్చి అమ్మేది. అలా అమ్మిన చేపలతోనే నన్ను విశాఖపట్నంలో పీజీ దాకా చదివించింది. నాకు ఉద్యోగం వచ్చాక నర్సీపట్నం పక్కనే పెద బొడ్డేపల్లిలో ఒక గది అద్దెకు తీసుకున్నాం. సరుకు తెచ్చిన రోజుల్లో అమ్మ అక్కడే ఉండిపోయేది.

అవి రెండువేల సంవత్సరం దాటిన తొలిరోజులు. కంప్యూటర్ నేర్పిస్తామని బోర్డు పెట్టని వీధి లేదు. మా కాలేజీలోనూ బి.ఎస్సీ.లో కంప్యూటర్ గ్రూపు పెట్టారు. మేడ మీద ఒక పొడుగాటి గది, అందులో పది సిస్టమ్‌లు. విశాఖపట్నంలో ఏదో ఆఫీసు కొత్తవి కొనుక్కుని పాతవి తీసేస్తుంటే, మా కరస్పాండెంట్ గారు వాటిని లారీలో తెప్పించారు. తెల్లగా ఉండాల్సిన పెట్టెలు పండుటాకుల రంగుకు తిరిగిపోయాయి. వాటి వయసుకు విండోస్ మోయలేని బరువు. స్విచ్చి వేసి, అటెండెన్స్ తీసుకుని, నిన్నటి పాఠం బోర్డు మీద మళ్లీ రాసేసరికి తెర వెలిగేది. పిల్లలు బయట నుంచి తెచ్చే ఫ్లాపీలతో పాటు వైరస్‌లూ వచ్చేవి. సోమవారం వచ్చామంటే రెండు మూడు సిస్టమ్‌లు పడుకుని ఉండేవి. వాటిని తుడిచి, మళ్లీ మొదటి నుంచీ అన్నీ ఎక్కించడంలోనే నా వారం సగం గడిచిపోయేది. ఆ ఎక్కించే సీడీ ఎక్కడిదో, దానికి కాగితాలేమైనా ఉన్నాయో లేవో ఎవరికీ తెలియదు. అడిగినా ఎవరూ చెప్పేవారు కాదు.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు సిలబస్ మారింది. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద పేపరు కొత్తగా వచ్చింది. ల్యాబ్‌లో వాడే ప్రతి సాఫ్ట్‌వేర్‌కూ లైసెన్సు చూపించాలన్న నిబంధన కూడా వచ్చింది. ఒక మధ్యాహ్నం ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిపించారు. ఆయన మిషన్ స్కూల్లో చదువుకుని, అక్కడే హెడ్‌మాస్టరుగా రిటైరై, మా కాలేజీకి వచ్చిన పెద్దాయన. ఏ మాటైనా మెల్లగా, తడుముకుంటూ చెప్పేవారు.

"కూర్చోమ్మా. కరస్పాండెంట్ గారు ఒక మాట అన్నారు. కొత్త సిస్టమ్‌లు కొనలేం, పాతవాటి మీద కొత్త సిలబస్ నడవదు. అంచేత వచ్చే ఏడాది నుంచి కంప్యూటర్ గ్రూపు తీసేద్దామంటున్నారు."

"ఇప్పుడు చదువుతున్న పిల్లలండీ?"

"వేరే గ్రూపులోకి మార్చుకోవచ్చు. కాదంటే విశాఖపట్నం వెళ్లి చదువుకోవాలి."

ఆ పిల్లల్లో విశాఖపట్నం వెళ్లి చదువుకోగలిగే వాళ్లు ఒకరిద్దరి కంటే లేరు. నాతవరం నుంచి షేర్ ఆటోల్లో వేలాడుతూ వచ్చే వాళ్లు, కొయ్యూరు ఏజెన్సీ ఊళ్ల నుంచి వచ్చి హాస్టల్లో ఉండే వాళ్లు. నా ఉద్యోగం మాట నాకు ఆ తర్వాత గానీ గుర్తుకు రాలేదు.

"ఈ ఒక్క ఏడాదీ చూడండి సార్. ప్రాక్టికల్ పరీక్షలు అయ్యేదాకా. ఆ సిస్టమ్‌ల మీదే కొత్త సిలబస్ నడిపిస్తాను."

"ఎలా నడిపిస్తావు?"

"ఇంకా తెలీదండీ."

ఆయన నవ్వారు. "నిజం చెప్పావు. సరే, నేను మాట్లాడతాను ఆయనతో" అన్నారు.

నా ముందు మూడు దారులున్నాయి. ఒకటి, అన్నీ పీకేసి పాత డాస్ పెట్టుకోవడం. పాత పెట్టెల మీద పరుగెడుతుంది గానీ కొత్త సిలబస్‌కు పనికిరాదు. రెండోది, కొత్త విండోస్, దాన్ని మోయగల కొత్త సిస్టమ్‌లు. అది మా కాలేజీ తలుపు తట్టే దారి కాదు. మూడోది లినక్స్, విండోస్ బదులు కంప్యూటర్‌ను నడిపించే ఉచిత సాఫ్ట్‌వేర్. పీజీలో మా సీనియర్ ఒకాయన ల్యాబ్ మూలనున్న సిస్టమ్ మీద దాన్ని వాడేవాడు. నల్లటి తెర మీద అక్షరాలు కొట్టుకుంటూ ఉండేవాడు. మేమంతా ఆయన వెనక నిలబడి చూసి, ఇదెందుకొచ్చిన తలనొప్పి అనుకుని వెళ్లిపోయేవాళ్లం. యూనిక్స్‌కు అంతకంటే దగ్గర బంధువు లేదు. లైసెన్సు గొడవ లేదు, ఎవరైనా వాడుకోవచ్చు, ఎంతమందికైనా పంచుకోవచ్చు. సిలబస్ కాగితం ఎదురుగా పెట్టుకుని, పిల్లలు చెయ్యాల్సిన పనులన్నీ దాని మీద అవుతాయా అని ఒక్కొక్కటే చూసుకున్నాను. దాదాపు అన్నీ అవుతాయి. ఆ శనివారం విశాఖపట్నం వెళ్లి, బస్టాండులో పుస్తకాల షాపులో, లినక్స్ సీడీ ఉచితంగా ఇస్తున్న ఒక కంప్యూటర్ పత్రిక కొనుక్కొచ్చాను.

ఆదివారం ల్యాబ్ తాళాలు అడిగి తీసుకుని, ఉన్నవాటిలో మంచి సిస్టమ్ మీద ఎక్కించాను. మధ్యాహ్నానికి నల్లటి తెర, దాని మీద మినుకుమినుకుమనే చిన్న గీత మిగిలాయి. రంగుల బొమ్మలు రావాల్సిన చోట ఏమీ రాలేదు. మార్కెట్టులో అమ్మకం ముగించుకుని అమ్మ మేడ మీదికి వచ్చింది, నాతో కలిసి గదికి వెళ్దామని. నా వెనక నిలబడి కాసేపు చూసింది.

"ఏటే, పొద్దున్నుంచీ కూకోని ఈ నల్లగోడే సూస్తన్నావా?"

"ఇది పని చేస్తందే అమ్మా."

"పని సేస్తే అందులో ఏటైనా కనపడాల కాదేటి?"

"కనపడద్ది. కొంచెం టైమియ్యి."

"నువ్వు కూకునే ఉద్యోగమంటే నానేటో అనుకున్నాను" అంది అమ్మ. "బేగి రా, కూడు తిందువు గాని."

ఆ నల్లటి తెర మీద బొమ్మలు తెప్పించడానికి నాకు రెండు వారాలు పట్టింది. తెప్పించాక చూస్తే, లినక్స్ బొమ్మలు కూడా ఆ పాత పెట్టెల మీద నత్తనడకే. అప్పుడు నిజంగా భయపడ్డాను. ప్రిన్సిపాల్ గారి దగ్గర మాట ఇచ్చేశాను, గ్రూపు పోదని పిల్లలకు కూడా చెప్పేశాను. అబీద్ సెంటర్ దగ్గర ఒక నెట్ సెంటర్ ఉండేది. ఫోను లైను మీద నడిచే నెట్, పేజీ తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు. కాలేజీ అవగానే అక్కడికి వెళ్లి కూర్చునేదాన్ని. ఎక్కడో దూరదేశాల్లో, మాలాగే పాత సిస్టమ్‌లు తప్ప ఏమీ లేని బడుల్లో పంతుళ్లు రాసుకున్న అనుభవాలు అక్కడ దొరికాయి. వాళ్ల ఉపాయం చాలా తేలిక. ఒక మంచి సిస్టమ్ ఉంటే చాలు. పని అంతా అది చేస్తుంది. పాతవాటిని కేబుళ్లతో దానికి కలిపితే అవి తెర, కీబోర్డు మాత్రమే అయి కూర్చుంటాయి. వాటిలో హార్డ్‌డిస్కు కూడా అక్కర్లేదు. ఒక్క ఫ్లాపీతో మేలుకుని, మిగతాదంతా పెద్ద సిస్టమ్‌ను అడిగి తెచ్చుకుంటాయి. ఆ పేజీలన్నీ ప్రింటు తీయించుకుని, గదికి నడుస్తూనే చదువుకున్నాను.

అయితే ఆ ఒక్క మంచి సిస్టమ్ మా ల్యాబ్‌లో లేదు. కాలేజీ మొత్తం మీద ఒక్కటే ఉంది, ప్రిన్సిపాల్ గారి టేబుల్ మీద. కొత్తగా కొన్నది, మీద కుట్టించిన గుడ్డ కప్పి ఉండేది. నేను వెళ్లి, ఎలా అడగాలో తెలియక, కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. నడుమ ఒక పెద్ద పెట్టె, దాని చుట్టూ చిన్న పెట్టెలు, కలుపుతూ గీతలు.

"ఈ పెద్దది ఏదమ్మా?" అన్నారు.

నేను ఆయన టేబుల్ వైపు చూశాను. ఆయనా చూశారు.

"దీన్ని ఇచ్చేస్తే మరి నా పనో?"

"సర్క్యులర్లు నేను టైపు చేసి ఇస్తానండీ, ఎన్నైనా."

ఆయన లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేశారు. తర్వాత గొంతు తగ్గించి, "నాకు దాని మీద పేకాట ఆడ్డం తప్ప ఏటీ రాదమ్మా. తీసుకుపో. ఈ మాట మాత్రం చర్చిలో ఎవరికీ తెలియనివ్వకు" అన్నారు.

ఆ సాయంత్రమే దాన్ని గుడ్డతో, కరెంటు పోయినా నడిపించే దాని బ్యాటరీతో సహా మేడ మీదికి మోసుకెళ్లాం.

పిల్లలకు ఇదంతా ఎలా చెప్పాలా అనుకున్నాను గానీ, వాళ్లే నన్ను అడిగారు. సెకండియర్‌లో కొయ్యూరు వైపు నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె ఉండేది. కాలేజీలో చేరేదాకా కీబోర్డు ముట్టుకోలేదు. క్లాసులో ఎప్పుడూ నోరు తెరిచేది కాదు. ఆ రోజు లేచి నిలబడింది.

"మేడం, మా నాన్న అడగమన్నాడండి. బయట ఉద్యోగాలకి విండోసే అడుగుతారంట కదండి. మరి మనకి ఇది నేర్పితే మేమేటి సేసుకుంటామండి?"

అడగాల్సిన ప్రశ్నే. రేపు చెబుతానన్నాను. ఆ రాత్రి ఆలోచించి మర్నాడు క్లాసులో చెప్పాను. రెండు సిస్టమ్‌లు కొంచెం మెరుగ్గా ఉన్నాయి, వాటిని విండోస్‌తోనే ఉంచుదాం. ఉత్తరాలు టైపు చెయ్యడం, లెక్కల పట్టికలు వెయ్యడం వంతులవారీగా అక్కడ నేర్చుకోండి. ఆ రెండింటికీ కాగితాలతో సహా సాఫ్ట్‌వేర్ కొనిపిస్తాను. తెలుగు మాస్టారు ప్రశ్నపత్రాలు కొట్టుకునే అక్షరాలు కూడా అక్కడే ఉన్నాయి, వాటిని కదపను. మిగతా ఎనిమిదీ లినక్స్. ప్రోగ్రాములు రాయడం, యూనిక్స్, నెట్‌వర్కు అన్నీ దాని మీద. ఏ పనికి ఏది నప్పితే అది వాడదాం. రెండూ వచ్చిన వాళ్లకు ఉద్యోగం ఇవ్వని వాళ్లుంటే నాకు చెప్పండి, వచ్చి నేను మాట్లాడతాను. క్లాసంతా నవ్వింది. ఆ అమ్మాయి నవ్వలేదు. "అయితే ఎప్పుడు మొదలెడదామండి?" అంది.

మొదలుపెట్టాక తెలిసింది, నెట్‌లో చదివినంత తేలిక కాదని. కేబుళ్లు లాగాం, చివరలు మేమే బిగించాం, ఫ్లాపీలు రాశాం. స్విచ్చి వేస్తే ఫ్లాపీ గరగరమని తిరిగేది, తెర మీద నాలుగు లైన్లు వచ్చేవి, ఆగిపోయేది. ఎనిమిదింటిలోనూ అదే వరస. దసరా సెలవులు వచ్చాయి, వెళ్లాయి. కరస్పాండెంట్ గారు ఒకసారి తలుపు దగ్గర నిలబడి, విప్పి పెట్టిన పెట్టెలను, నేల మీద పాకుతున్న వైర్లను చూసి, మాట్లాడకుండా మెట్లు దిగి వెళ్లిపోయారు. ఆయన ఏదైనా అని ఉంటే బాగుండుననిపించింది.

లోపం ఎక్కడుందో ఒక శనివారం మధ్యాహ్నం తట్టింది. లోపల నెట్‌వర్కు కార్డు అని ఒకటి ఉంటుంది, కేబులు గుచ్చేది దానికే. ఆ కార్డులన్నీ ఒకే రకం అనుకుని అన్నింటికీ ఒకే ఫ్లాపీ రాశాను. లారీలో కలగాపులగంగా వచ్చిన పెట్టెల్లో అవి ఒకే రకం ఎందుకుంటాయి? అన్నీ మళ్లీ విప్పాం. ఆ అమ్మాయి టార్చిలైటు వేసి కార్డు మీద చీమల బారులా ఉన్న అంకెలు చదువుతుంటే నేను రాసుకున్నాను. చూస్తే మూడు రకాలు. ఆదివారం కూర్చుని ఒక్కో రకానికీ వేరే ఫ్లాపీ తయారు చేశాను. సోమవారం క్లాసులో, అందరి ముందూ, కిటికీ పక్కనున్న సిస్టమ్‌లో ఆ అమ్మాయి ఫ్లాపీ పెట్టింది. నాలుగు లైన్లు వచ్చాయి. ఐదోది వచ్చింది. ఆ తర్వాత లైన్లు వర్షంలా కురిశాయి, తెర ఒక్కసారి నల్లబడింది, మళ్లీ నీలంగా వెలిగింది. మధ్యలో పేరు అడుగుతూ ఒక చిన్న గడి.

"ఒచ్చీసింది మేడం" అంది ఆ అమ్మాయి, చాలా నెమ్మదిగా.

గంట కొట్టేసరికి ఎనిమిదీ వెలిగాయి. ముసలి పెట్టెలు కొత్త సిస్టమ్ వేగంతో పరుగెడుతున్నాయి. ప్రిన్సిపాల్ గారు మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చి, ఒక్కో తెర ముందూ ఆగి చూశారు. "ఇవన్నీ నా పెట్టేనా?" అన్నారు. అన్నీ మీ పెట్టేనండీ అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

సంక్రాంతి దాటాక కొత్త సీడీ ఒకటి దొరికింది. దానిలో మెనూలు తెలుగులో పెట్టుకునే వీలుంది. అప్పటికింకా కొన్ని మాటలు తెలుగులో, కొన్ని ఇంగ్లీషులో ఉండేవి, కొన్ని ఒత్తులు పక్కకు జారిపోయేవి. అయినా ఒక సిస్టమ్ మీద పెట్టి చూశాను. ఆ రోజు అమ్మ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. అమ్మ బడికి వెళ్లలేదు. మా ఊళ్లో పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పినప్పుడు కూడబలుక్కుని చదవడం నేర్చుకుంది. బస్సు బోర్డులు చదువుతుంది. ఆ తెర ముందు ఆగిపోయింది. వేలు పెట్టి, "ద... ద-స్-త్రం" అంది. కింద ఇంకో మాట మీద వేలు పెట్టింది. "తె-రు-వు. తెరువు." నా వైపు తిరిగింది. "ఇది మన మాట కాదేటే?"

"మన మాటే."

"మరి ఇన్నాళ్లూ ఇందులో మన మాట ఎందుకు నేదు?"

కుర్చీ లాగి కూర్చోబెట్టాను. మెనూ చివరిదాకా అన్ని మాటలూ చదివింది. చదవడం అయ్యాక లేవలేదు, మౌసు పట్టుకుని అటూ ఇటూ కదిపి చూసుకుంది. చుట్టూ నా స్టూడెంట్లు నిలబడి ఉన్నారు. మా అమ్మ వాళ్లందరి మధ్యా కుర్చీలో కూర్చుని ఉంది.

ప్రాక్టికల్ పరీక్ష రోజున బయటి నుంచి ఎగ్జామినర్ గారు వచ్చారు. విశాఖపట్నంలో పెద్ద కాలేజీలో పనిచేసే ఆయన. ల్యాబ్‌లోకి అడుగుపెట్టి పెట్టెల రంగు చూసి ఆగారు.

"వీటి మీదా పరీక్ష?"

"అవునండీ."

"ఇవి స్విచ్చి వేస్తే ఆన్ అవుతాయా?"

"కూర్చోండి సార్, మీరే చూద్దురు గాని" అన్నాను.

లైసెన్సు కాగితాలు చూశారు. లినక్స్‌కు అక్కర్లేదని చెబితే, దానితో వచ్చిన షరతుల కాగితం ప్రింటు తీయించుకుని చదివారు. పరీక్ష మొదలైంది. గదంతా కీబోర్డుల చప్పుడు. సగం సమయం గడిచేసరికి కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగిపోయాయి, తెరలన్నీ ఆరిపోయాయి. నర్సీపట్నంలో వేసవి మొదలైతే కరెంటు పోవడం వింత కాదు. మునుపైతే ఆ క్షణంలో పిల్లలు ఏడ్చేవాళ్లు, రాసిందంతా పోయేది. ఎగ్జామినర్ గారు గడియారం చూసుకుని, "అయ్యో, మళ్లీ మొదటి నుంచి రాయించాలి. ఇంకో రోజు పెట్టుకోవాలేమో" అన్నారు.

"అక్కర్లేదండీ. పెద్ద సిస్టమ్ బ్యాటరీ మీద ఉంది. పిల్లలు నాలుగు లైన్లకోసారి సేవ్ చేస్తారు. రాసింది అందులోనే ఉంటుంది."

ఆయన నమ్మినట్టు లేరు. కరెంటు వచ్చింది. ఏడు సిస్టమ్‌లు మేలుకున్నాయి. కొయ్యూరు అమ్మాయి ముందున్నది మాత్రం లేవలేదు. ఫ్లాపీ గరగరమని ఆగిపోయింది. ఎగ్జామినర్ గారు ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లి, పాపం అన్నట్టు నిలబడ్డారు. ఆ అమ్మాయి లేచి, "సార్, ఆ సీటు ఖాళీగా ఉందండి. అక్కడ కూకుంటానండి" అంది. అప్పటికే పరీక్ష పూర్తి చేసిన ఒక కుర్రాడు లేచిన సీటు అది. వెళ్లి కూర్చుంది, తన పేరు కొట్టింది. ఆరిపోయిన సిస్టమ్ మీద రాసిన ప్రోగ్రాము ఈ సిస్టమ్ మీద, వదిలిన లైను దగ్గర, తెరుచుకుంది.

ఎగ్జామినర్ గారు వంగి తెర చూశారు. వెనక్కి వెళ్లి ఆరిపోయిన పెట్టె చూశారు. మళ్లీ వచ్చి ఆ అమ్మాయిని అడిగారు, "ఇది ఇక్కడికెలా వచ్చిందమ్మా?"

ఆ అమ్మాయి కీబోర్డు మీంచి చేతులు తీయకుండానే చెప్పింది. పని చేసేది మూలనున్న పెద్ద సిస్టమని, తమ ముందున్నవి తెరలు మాత్రమేనని, ఎవరు ఎక్కడ కూర్చున్నా ఎవరిది వాళ్లకే వస్తుందని. ఆయన అడుగుతూనే ఉన్నారు, ఆ అమ్మాయి చెబుతూనే ఉంది. ఒకప్పుడు క్లాసులో నోరు విప్పని పిల్ల. ఆయన అడిగినవి పరీక్ష ప్రశ్నలు కావు. తనకు తెలుసుకోవాలనిపించి అడిగినవి.

పరీక్ష అయ్యాక టీ తాగుతూ ఆయన ప్రిన్సిపాల్ గారితో, "మా కాలేజీలో ఇరవై సిస్టమ్‌లు స్టోర్ రూములో పడి ఉన్నాయండీ. మీ మేడం గారిని ఒక్క వారం పంపిస్తారా?" అన్నారు. ప్రిన్సిపాల్ గారు నన్ను చూసి, "ఆవిడకు ఇక్కడే చాలా పనుందండీ. మీరే ఎవరినైనా పంపండి, నేర్పి పంపిస్తుంది" అన్నారు. ఆయన అంత గర్వంగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

మా గ్రూపులో అందరూ పాసయ్యారు. కొయ్యూరు అమ్మాయికి కాలేజీ మొత్తంలో మొదటి మార్కు వచ్చింది. కరస్పాండెంట్ గారు ఫలితాలు చూసి, గ్రూపు తీసే మాట మళ్లీ ఎత్తలేదు. జూన్‌లో సీట్లు నిండిపోయి, ఇంకో సెక్షన్ తెరవాల్సి వచ్చింది. కొత్త సిస్టమ్‌లు కొనేటప్పుడు ఆయన నన్ను పిలిచి, "ఏది పెట్టమంటావో నువ్వే చెప్పమ్మా, నాకేటీ తెలీదు" అన్నారు.

బడులు తెరిచిన కొత్తలో రావికమతం నుంచి ఒక హైస్కూలు హెడ్‌మాస్టరు గారు వచ్చారు. ఎవరో ఇచ్చిన పాత సిస్టమ్‌లు అట్టపెట్టెల్లోంచి తీయనైనా తీయలేదట. ఫైనలియర్‌కు వచ్చిన నా పిల్లలతో కలిసి బస్సెక్కాను. కేబుల్ చుట్ట ఒకరి ఒళ్లో, ఫ్లాపీల డబ్బా ఇంకొకరి ఒళ్లో. స్కూల్లో గది తలుపులు తీయగానే పిల్లలు చొక్కా చేతులు మడిచి పనిలో పడ్డారు. నేను ఒక సిస్టమ్ దగ్గరికి వెళ్లి మూత విప్పబోయాను.

"మీరు కూకోండి మేడం, మేం సూసుకుంటాం" అంది కొయ్యూరు అమ్మాయి. అప్పటికే ఆమె చేతిలో టార్చిలైటు ఉంది. చుట్టూ చేరిన బడిపిల్లలకు నెట్‌వర్కు కార్డు చూపించి, దాని మీద అంకెలు గట్టిగా చదవమంటోంది.

నేను కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. హెడ్‌మాస్టరు గారు పంపించిన టీ తాగాను. భోజనాల వేళలోపే ఆ గదిలో మొదటి తెర వెలిగింది, నేను ఒక్క వైరు కూడా ముట్టుకోకుండానే.